నానో పదార్థం హానికరమా కాదా: పండు ఈగలతో పరీక్షించడం ఎలా

నెల్లూరు, ఒంగోలు వైపు ఏ కాలేజీలో చూసినా ఇప్పుడు ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఒకటి ఖాయంగా ఉంటుంది. వేపాకో తులసాకో ఉడికించి, ఆ కషాయంలో సిల్వర్ నైట్రేట్ కలిపి, రంగు ముదురు గోధుమకు తిరగ్గానే నానో వెండి వచ్చిందని రాసేయడం, రెండు పెట్రీ ప్లేట్లలో బ్యాక్టీరియా చచ్చినట్టు ఫొటోలు అంటించడం. "బ్యాక్టీరియా చచ్చింది సరే, మిగతా ప్రాణుల మాటేంటి?" అని వైవాలో బయటి నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అడిగితే మాత్రం మాట పెగలదు. పొలాల్లో నానో యూరియా కొడుతున్నారు, రొయ్యల చెరువుల్లోకి నానో పేరుతో రకరకాల సీసాలు వస్తున్నాయి. కాబట్టి ఆ ప్రశ్న అడగాల్సిందే. ఆహారంలో తెల్లదనం కోసం ఏళ్ల తరబడి వాడిన టైటానియం డయాక్సైడునే 2022లో ఐరోపా సమాఖ్య తినే వస్తువుల్లోంచి తీసేసింది. మన దేశంలోనూ నానో వ్యవసాయ, ఆహార ఉత్పత్తులను ఎలా మదింపు చేయాలో బయోటెక్నాలజీ విభాగం 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది.

ఎలుకల మీద చేద్దామంటే జంతు నీతి కమిటీ అనుమతి, పంజరాలు, నెలల సమయం కావాలి. పండు ఈగకు ఆ తతంగం లేదు. 25 డిగ్రీల్లో గుడ్డు నుంచి రెక్కల ఈగ దాకా పది రోజులు. మనుషుల్లో జబ్బులు తెచ్చే జన్యువుల్లో దాదాపు 75 శాతానికి ఈగలోనూ సరిజోడు ఉంది. పైగా డీఎన్ఏకు హాని ఉందా అని బ్యాక్టీరియాతో చూసే ఏమ్స్ పరీక్ష నానో కణాలకు సరిగా కుదరదు. కణం బ్యాక్టీరియా గోడ దాటకపోతే నిజంగా హాని ఉన్నా లేనట్టే కనిపిస్తుంది. ఈగ అలా కాదు, మేతతో పాటు కణాన్నీ మింగుతుంది.

ఏ ఈగ?

ఉలవపాడు మామిడి రైతును పండు ఈగ గురించి అడిగితే ఆయన చెప్పేది వేరే దాని గురించి. కాయకు సూది గుచ్చినట్టు గుచ్చి లోపల గుడ్లు పెట్టే పెద్ద ఈగ అది, పేరు బాక్ట్రోసెరా. తోటల్లో మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు కట్టేది దానికోసమే. మనకు కావలసింది డ్రోసోఫిలా మెలనోగాస్టర్. అరటి గెల బాగా మగ్గితే, కల్లు ముంత మూత తీస్తే ముసిరే ఎర్ర కళ్ల చిన్న పురుగు, పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు. ఇంట్లో చాలామంది దోమలనేస్తారు గానీ ఇది దోమ కాదు.

చేయి తిరగడానికి సీసాలో మగ్గిన అరటిపండు ముక్క వేసి పండ్ల బండి పక్కన పెట్టి పట్టుకోండి. పరీక్షకు మాత్రం ఆ ఈగలు వద్దు. వాటిలో నాలుగు జాతులు కలిసి ఉంటాయి, ఒంటి మీద మైట్లనే సన్న నల్లులు ఉంటాయి, ఏ పురుగుమందు తిని వచ్చాయో తెలియదు. మైసూరు విశ్వవిద్యాలయంలో డ్రోసోఫిలా స్టాక్ సెంటర్ ఉంది. అక్కడి నుంచి ల్యాబుల్లో పెంచే మామూలు రకాలైన ఆరెగాన్-ఆర్ గానీ కాంటన్-ఎస్ గానీ తెప్పించుకోండి. నవంబరు, జనవరి మధ్య తెప్పించుకోవడం మంచిది. ఏప్రిల్‌లో పార్సిల్ లారీలో వస్తే మీ చేతికి అందేది ఉడికిన ఈగలే.

మగ, ఆడ గుర్తుపట్టడం ఒక్కరోజులో వచ్చేస్తుంది. మగది చిన్నది, పొట్ట చివర గుండ్రంగా నల్లగా ఉంటుంది, ముందు కాళ్ల మీద దువ్వెన లాంటి నల్లటి ముళ్ల వరస ఉంటుంది. ఆడదాని పొట్ట కొసదేలి చారలు చారలుగా ఉంటుంది.

మేత వండటం

రవ్వ కేసరి చేసిన చేయి అయితే ఇది తేలిక. మైసూరు వాళ్ల పద్ధతి మనకు బాగా సరిపోతుంది: లీటరు డిస్టిల్డ్ నీళ్లకు బెల్లం 100 గ్రాములు, గోధుమ రవ్వ 100 గ్రాములు, మేతను గడ్డ కట్టించే అగర్ పొడి 10 గ్రాములు, ప్రోపియానిక్ ఆమ్లం 7.5 మిల్లీలీటర్లు.

అగర్‌ను చల్లటి నీళ్లలో నానబెట్టి తర్వాత పొయ్యి మీదికి ఎక్కించండి. బెల్లం కరిగాక గుడ్డలో వడకట్టండి, ఇసుక ఉంటుంది. రవ్వను ఒక చేత్తో చల్లుతూ రెండో చేత్తో తిప్పుతూనే ఉండాలి, ఉండ కట్టిందంటే లార్వాలు అందులోకి దూరలేవు. పైన బుడగలు ఉబ్బి పేలుతూ, గరిటెకు అంటుకుని మెల్లగా జారే దశ వచ్చాక దించండి. 60 డిగ్రీలకు చల్లారాకే ఆమ్లం కలపండి. వేడి మీద పోస్తే ఆవిరైపోయి రెండో రోజుకే బూజు పడుతుంది, ఆ ఘాటుకు మీ కళ్లూ మండుతాయి.

బెల్లం విషయంలో ఒక మాట. పసుపు పచ్చగా మెరిసే బెల్లం వద్దు, అది హైడ్రోస్ అనే రసాయనం వేసి తెల్లబరిచినది కావచ్చు. ముదురు రంగు బెల్లం కొనండి. ప్రాజెక్టు మొత్తానికి కావలసినంత ఒకే దిమ్మ నుంచి తీసి పెట్టుకోండి. దిమ్మ మారితే మేత మారినట్టే.

వయల్స్‌లో, అంటే చిన్న గాజు సీసాల్లో, పోశాక పలచటి గుడ్డ కప్పి ఒక రాత్రి వదిలేయండి. వెంటనే దూది బిరడా పెడితే లోపల చెమ్మ పట్టి, ఈగ గాజుకు అతుక్కుని చస్తుంది. మర్నాడు పైన చిటికెడు ఈస్ట్ చల్లండి.

ఎండ, దోమలు, చీమలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక ఈగ ఎంత? ఇది 25 డిగ్రీల ప్రాణి. 30 డిగ్రీలు దాటిన చోట పెరిగిన మగ ఈగలు బతికే ఉంటాయి, తిరుగుతుంటాయి, పిల్లలు మాత్రం పుట్టవు. మీరేమో నానో కణాలు సంతానాన్ని దెబ్బతీశాయని రాసేస్తారు. వేడిని ఒకే తీరున ఉంచే బీఓడీ ఇంక్యుబేటర్‌ను 25 దగ్గర పెట్టి, లోపల గరిష్ఠం, కనిష్ఠం రెండూ చూపే థర్మామీటర్ వేలాడదీయండి. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిన సంగతి అదే చెబుతుంది. ఇంక్యుబేటర్ లేకపోతే థర్మోకోల్ పెట్టె, గడ్డ కట్టిన నీళ్ల సీసాలతో ఈగలను బతికించుకోవచ్చు గానీ, పరీక్షను మాత్రం చలికాలానికే పెట్టుకోండి.

దోమల సంగతి మా ల్యాబులో నేర్చుకున్నాం. సాయంత్రం చక్కగా ఎగురుతున్న ఈగలు పొద్దునకల్లా కాళ్లు పైకెత్తి మేత మీద పడున్నాయి. నానో వెండి ఘనతే అనుకుని ఒక అమ్మాయి నోట్‌బుక్ తీసింది. వెండి కలపని కంట్రోల్ వయల్స్‌లోనూ అంతే అని చూశాక ఆరా తీస్తే, రాత్రి కాపలా తాత పక్క గదిలో దోమల లిక్విడ్ ప్లగ్గులో పెట్టి పడుకున్నాడు. నెల్లూరు దోమల్ని ఎరిగినవాళ్లెవరూ ఆయన్ని తప్పు పట్టలేరు. ఆ సీసాలో ఉండేది పైరెత్రాయిడ్. దోమ, ఈగ రెండూ ఒకే వర్గం కీటకాలు, ఒకదాన్ని చంపేది రెండోదాన్ని వదలదు. తాతకు దోమతెర కొనిచ్చాం.

చీమలకైతే బల్ల కాళ్ల కింద సబ్బు నీళ్ల గిన్నెలు పెడితే చాలు. చీమల మందు గీతలు గీయకండి.

కణాలను నీళ్లలో కలపడం

ఒకటి నుంచి వంద నానోమీటర్ల మధ్య ఉండేవాటినే నానో కణాలంటాం. మీ సీసాలో ఉన్నవి అవేనా అన్నది ముందు చూసుకోవాలి. వెండి అయితే కాలేజీ స్పెక్ట్రోఫోటోమీటర్‌లోనే 400, 420 నానోమీటర్ల కాంతి తరంగదైర్ఘ్యం మధ్య శోషణ శిఖరం కనిపిస్తుంది. శిఖరం వెడల్పై కుడివైపుకు జరిగిందంటే కణాలు ముద్ద కట్టాయన్నమాట. అసలు పరిమాణం కోసం ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఉన్న చోటికి నమూనా పంపక తప్పదు. ఆ ఫొటో లేకుండా మొదలుపెడితే చివర్లో చేసిందంతా వెండి ముద్దల పరీక్షగా మిగులుతుంది.

బోరు నీళ్లు, కుళాయి నీళ్లు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి. మన తీరం నీళ్లలో ఉప్పు ఎక్కువ. క్లోరైడు తగిలితే వెండి అయాన్లు తెల్లటి మడ్డిగా కిందికి దిగుతాయి, కణాలు ఒకదానికొకటి అంటుకుంటాయి. డిస్టిల్డ్ నీళ్లలోనే కలిపి, ధ్వని తరంగాలతో ముద్దలను విడగొట్టే బాత్ సోనికేటర్‌లో ఓ అరగంట ఉంచి, వెంటనే వాడండి. నిన్న కలిపి పెట్టిన సీసాను ఇవాళ ఊపి వాడటం కుదరదు.

పొడి రూపంలో ఉంటే ఫ్యాన్ ఆపేయండి. ఇది చెప్పినా ఎవరూ వినరు, ఉక్కపోతకు తట్టుకోలేక మళ్లీ వేస్తారు. ఈగల భద్రత చూడబోయి మీ ఊపిరితిత్తుల్లోకి ఎక్కించుకోకండి. ఎన్95 మాస్కు, గ్లోవ్స్ పెట్టుకుని తూకం వేసి, నీళ్లలో కలిసేదాకా ఫ్యాన్ ముట్టుకోకండి.

ఇప్పుడు లెక్క. మిల్లీలీటరు నీటికి 1 మిల్లీగ్రాము కణాల చొప్పున స్టాక్ ద్రవం చేసుకున్నారనుకుందాం. ఒక్కో డోసుకు 10 మిల్లీలీటర్ల వయల్స్ ఐదు, గిన్నెకు అంటుకుపోయేదానితో కలిపి 60 మిల్లీలీటర్లు వండుకోండి. అందులో 54 మేత, 6 ద్రవం. మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల డోసుకు ఆ ఆరూ స్టాకే. 50కి స్టాక్ 3, నీళ్లు 3. 10కి స్టాక్ 0.6, నీళ్లు 5.4. 5కి స్టాక్ 0.3, నీళ్లు 5.7. సున్నా డోసుకు ఆరూ నీళ్లే. పది శాతం నీళ్లు తర్వాత కలుస్తాయి కాబట్టి మేతను లీటరుకు బదులు 900 మిల్లీలీటర్ల నీళ్లతో వండండి. మేత 55 డిగ్రీల దగ్గర ఉండగా కలిపి, గాజు కడ్డీతో నిమిషం పాటు తిప్పి, సూది తీసేసిన 20 మిల్లీలీటర్ల సిరంజితో వయల్స్‌లోకి వదలండి. చిక్కటి మేతకు పిపెట్ పనికిరాదు, మెడికల్ షాపు సిరంజే నయం.

కంట్రోల్స్ దగ్గరే పరీక్ష గెలిచేది

నేను చూసిన ప్రాజెక్టుల్లో సగం ఇక్కడే కూలిపోయాయి. మామూలు మేత, నానో మేత, ఈ రెండే పెడతారు. చాలదు.

ఆకు కషాయంతో చేసిన కణాలైతే ఆ కషాయం ఒక్కదాన్నే కలిపిన మేత ఒక వరస ఉండి తీరాలి. వేప సంగతే తీసుకోండి. వేపలోని అజాడిరక్టిన్ పురుగు పెరుగుదలను ఆపుతుందని మన రైతులకు ఎప్పటి నుంచో తెలుసు. వేపాకు నానో వెండి తిన్న లార్వాలు ప్యూపా కాలేదంటే అది వెండి పనా, వేప పనా? కషాయం వరస లేకపోతే చెప్పే దారే లేదు. కొన్న కణాలైతే వాటి పైపూత సిట్రేటో పీవీపీయో కనుక్కుని, అదే పదార్థాన్ని విడిగా కలిపి పెట్టండి.

రెండోది అయాన్ల వరస. వెండి కణం మేతలో కొద్దికొద్దిగా కరిగి అయాన్లు వదులుతుంది. చంపింది కణమా, కరిగిన వెండా? అందుకోసం సిల్వర్ నైట్రేట్ వరస పెట్టాలి. వెండి బరువు సమానం కావాలంటే 1 మిల్లీగ్రాము వెండికి 1.57 మిల్లీగ్రాముల సిల్వర్ నైట్రేట్ తూచాలి, ఎందుకంటే దానిలో వెండి 63.5 శాతమే. అయితే కణాలన్నీ కరగవు కాబట్టి ఈ వరస అసలు కన్నా ఎక్కువ అయాన్లు ఇస్తుంది. మంచి సెంట్రిఫ్యూజ్ అందుబాటులో ఉంటే కణాలను కిందికి దించి పైన తేరిన నీటినీ ఒక వరసకు కలపండి. అది ఇంకా నిజాయితీ గల కంట్రోల్.

మూడోది, అసలు తింటున్నాయా? వెండి కలిసిన మేత రుచించక లార్వా పస్తుంటే అది ఆకలితో చిక్కుతుంది, మీరు విషమని రాస్తారు. ప్రతి వరసలో ఒక అదనపు వయల్‌కు నీలం ఆహార రంగు కలపండి. లార్వా చర్మం పారదర్శకంగా ఉంటుంది, పేగులో నీలం గీత బయటికే కనిపిస్తుంది. డోసు పెరిగేకొద్దీ ఆ గీత పలచబడితే మీ డోసుల లెక్క కాగితం మీదే ఉన్నట్టు.

చివరిగా, వయల్స్ మీద డోసు రాయకండి. స్నేహితుడితో అంకెల గుర్తులు వేయించి, ఆ చీటీని కవరులో పెట్టి మీ సార్‌కో మేడమ్‌కో ఇచ్చేయండి. లెక్కపెట్టడం పూర్తయ్యాకే విప్పాలి. మనకు ఇష్టమైన ఫలితం వైపు కన్ను దానంతట అదే వాలుతుంది.

గుడ్ల నుంచి ఈగల దాకా

అగర్, బెల్లం పోసిన చిన్న ప్లేటు మీద ఈస్ట్ ముద్ద పూసి, వంద ఈగలున్న సీసాను దాని మీద బోర్లించి నాలుగు గంటలు చీకట్లో పెట్టండి. భూతద్దం కింద గుడ్లు మొలగొలుకుల బియ్యపు నూకలా ఉంటాయి, సైజు అర మిల్లీమీటరే, ఒక కొసన రెండు సన్నటి మీసాలు. తడి చేసిన సన్న కుంచెతో 50 లెక్కపెట్టి ఒక్కో వయల్‌లో పెట్టండి. ఐదు డోసుల వరసలు, కషాయం, సిల్వర్ నైట్రేట్ కలిపి ఏడు, ఒక్కోదానికి ఐదు వయల్స్. మొత్తం 35 వయల్స్, 1750 గుడ్లు. కళ్లు లాగేస్తాయి, ఇద్దరు కూర్చోండి. ఇద్దరూ అన్ని వరసలనూ పంచుకోవాలి. ఒకరు కంట్రోల్ అంతా, ఇంకొకరు డోసులంతా పెడితే తేడా చేతిదో వెండిదో తెలియదు. 50 మించి కుక్కినా ఇబ్బందే, ఇరుకులో పెరిగినవి ఆలస్యంగా, చిన్నగా వస్తాయి.

ఐదో రోజు నుంచి గాజు గోడ ఎక్కి ప్యూపా అయినవాటిని రోజూ ఒకే వేళకు లెక్కించి మార్కర్‌తో చుక్క పెట్టండి. తొమ్మిదో రోజు నుంచి పదిహేనో రోజు దాకా బయటికి వచ్చిన ఈగలను మగ, ఆడ విడదీసి లెక్కపెట్టి తీసేయండి. మత్తుకు ఈథర్ అక్కర్లేదు. చేపల మార్కెట్‌లో ఐసు ఉండనే ఉంది. స్టీలు పళ్లెం కింద ఐసు పరిచి, పైన కాగితం మీద ఈగలను వదిలితే కదలకుండా పడుంటాయి. చెమ్మ తగలనివ్వకండి.

లెక్కతో పాటు రంగూ చూడండి. వెండి తిని పెరిగిన ఈగల్లో వింత ఒకటి కనిపిస్తుంది. మగవాటి పొట్ట చివర ఉండాల్సిన నలుపు మాయమై ఒళ్లంతా పాలిపోయిన పసుపులో ఉంటుంది. నలుపు రంగు తయారుచేసే ఎంజైముకు రాగి కావాలి, వెండి ఆ రాగిని అందకుండా చేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఇప్పుడే పుట్టిన లేత ఈగలనుకుని పక్కన పెట్టేశాం. మూడు రోజులైనా నలుపు తిరగకపోయేసరికి అర్థమైంది.

కంట్రోల్‌లో 50 గుడ్లకు 40 ఈగలైనా రాకపోతే నేనైతే ఆ బ్యాచ్ మొత్తం పారేస్తాను. గదిలోనో చేతిలోనో తప్పుంది.

మరికొన్ని పరీక్షలు

డోసు చంపకపోయినా నరాలను, కండరాలను దెబ్బతీసి ఉండొచ్చు. దానికి గోడ ఎక్కే పరీక్ష ఉంది. పది ఈగలను ఖాళీ వయల్‌లో వేసి, ఇంకో వయల్‌ను మూతికి మూతి టేపుతో అతికించి, 8 సెంటీమీటర్ల దగ్గర గీత గీయండి. మెత్తటి మౌస్‌ప్యాడ్ మీద మూడుసార్లు తట్టితే అన్నీ కిందపడి మళ్లీ పైకెక్కుతాయి. పది సెకన్లలో గీత దాటినవెన్ని? ఫోన్‌లో వీడియో తీసి తర్వాత తీరిగ్గా లెక్కపెట్టండి. ఐసు మీద పెట్టిన ఈగలను ఆ రోజు వాడకండి, 24 గంటలు కోలుకోనివ్వండి. అన్ని వరసలనూ ఒకే వేళకు చేయాలి. ఈగకూ లోపల గడియారం ఉంది, 2017 నోబెల్ వచ్చింది ఆ గడియారం గుట్టు విప్పినందుకే. పొద్దున చురుకుదనం మధ్యాహ్నం ఉండదు.

పేగు దెబ్బతిన్నదో లేదో ట్రిపాన్ బ్లూ చెబుతుంది. బాగా ఎదిగిన లార్వాలను కడిగి, మిల్లీలీటరుకు అర మిల్లీగ్రాము రంగులో అరగంట చీకట్లో ఉంచి, బఫర్‌తో కడిగి మైక్రోస్కోప్ కింద చూడండి. బతికిన జీవకణం రంగును లోపలికి రానివ్వదు, చచ్చినది నీలమవుతుంది. దీనికి నీలం ఆహార రంగు తిన్న లార్వాలను తేకండి, రెండు నీలాలూ కలిసిపోతాయి.

డీఎన్ఏ దెబ్బతినడం చూడాలంటే రెక్క మచ్చల పరీక్ష ఉంది. రెక్కలో ఒక్కో జీవకణానికి ఒక్కో వెంట్రుక. మార్పు వచ్చిన చోట ఒకే జీవకణానికి మూడు నాలుగు వెంట్రుకలు మొలుస్తాయి. దీనికి ఇదే ఈగలో ప్రత్యేక రకాల సంకరం కావాలి, రెక్కలను 400 రెట్లలో అంగుళం అంగుళం వెతకాలి. మొదటి ఏడాది దీని జోలికి పోకండి.

లెక్క రాయడం, ఊడ్చి పెట్టడం

ఐదు వయల్స్ పెట్టారంటే మీ నమూనా సంఖ్య ఐదు, 250 కాదు. ఒక వయల్‌లోని యాభై ఈగలూ ఒకే మేత తిని ఒకే చెమ్మలో పెరిగాయి. వాటిని విడివిడిగా లెక్కేస్తే లేని తేడా కూడా ఉన్నట్టు తేలుతుంది. వయల్ వారీగా శాతాలు తీసి, ఒక్కో డోసును కంట్రోల్‌తో డనెట్ అనే గణాంక పరీక్షలో పోల్చండి. మొత్తం ప్రయోగాన్ని వేరే వారం మళ్లీ మొదట్నుంచి చేయండి.

రాసేటప్పుడు "మనుషులకు సురక్షితం" అన్న మాట రానివ్వకండి. ఈగకు ఊపిరితిత్తులు లేవు, ఒంట్లోకి గాలి సన్నటి గొట్టాల్లోంచి పోతుంది. కాబట్టి పీల్చినప్పటి ప్రమాదం ఈ పరీక్షలో తేలదు. మనలా టీకాను గుర్తుపెట్టుకునే రోగనిరోధక వ్యవస్థా దానికి లేదు. మిల్లీలీటరుకు ఇన్ని మైక్రోగ్రాములు కలిపిన మేతలో, ఇన్ని రోజులకు, ఈ పరిమాణపు కణంతో బయటికి వచ్చిన ఈగలు ఇంతమేర తగ్గాయి అని రాస్తే ఎక్స్‌టర్నల్ ఏమీ అనలేరు.

మిగిలిన ఈగలను ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి చంపండి, కిటికీలోంచి వదలకండి. వెండి కలిసిన మేతను సింకులో పోస్తే అది ఏదో ఒక కాలువ పట్టుకుని పెన్నకే చేరుతుంది. మూతున్న బకెట్‌లో పోగేసి, పైన ఏముందో రాసి, ప్రయోగశాల వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లకు అప్పగించండి. ఖాళీ వయల్స్‌ను మొదట కొద్ది నీళ్లతో కడిగి ఆ నీళ్లనూ అదే బకెట్‌లో పోయండి. తర్వాత సబ్బుతో తోమి, డిస్టిల్డ్ నీళ్లతో తొలిచి, మేడ మీద బోర్లిస్తే గంటలో ఆరిపోతాయి. అంతదాకా తిట్టుకున్న ఎండ అప్పుడు మాత్రం పనికొస్తుంది.